దస్తగిరి టాకో బండి

సౌదీలోని తారూత్ దీవిలో సముద్రం ఒడ్డున, రాత్రి పదకొండు దాటాక వెలిగే ఆ బండి ఎవరిదని ఎవరడిగినా దస్తగిరి మూడేళ్ళపాటు ఒకటే జవాబు చెప్పాడు. బండి కఫీల్‌ది, నేను పనోణ్ణి. కఫీలంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న సౌదీ యజమాని. అరబ్బీలో ఈ రెండు ముక్కలూ పట్టుబట్టి నేర్చుకున్నాడు. బలదియా అనే మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్లు వచ్చినా, పోలీసు కారు ఆగినా, తిండికొచ్చిన కుర్రాళ్ళు తమాషాకు అడిగినా, పెనం మీద రొట్టె తిప్పుతూనే ఆ రెండు ముక్కలూ గడగడా అప్పజెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుండేది. ఎందుకుండదు మరి? ఆ బండి రేకుల దగ్గర్నుంచి గ్యాసు పొయ్యి దాకా, పైన వేలాడే రంగుబల్బుల దాకా అన్నీ అతని సంపాదనతో కొన్నవే. అయినా నాది అనే మాట నోటివెంట రాకూడదు. పరదేశి తన సొంత వ్యాపారాన్ని సౌదీవాడి పేరు చాటున నడిపితే అక్కడ అది పెద్ద నేరం. జైలు, జరిమానా, ఆపైన జన్మలో మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు.

దస్తగిరిది రాయచోటి. దూదేకులవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రీ చిన్నాయనా కలిసి బజారులో పరుపుల అంగడి పెట్టారు. అన్నదమ్ముల మధ్య రాతకోతలేమిటని తండ్రి ఉన్నదంతా తమ్ముడి చేతిలో పోశాడు. పదేళ్ళు తిరక్కుండా చిన్నాయన కొడుకులు దస్తగిరి తండ్రిని అంగడి మెట్లు దింపేశారు. ఇది నాది కూడా కదరా అని ముసలాయన అంటే, కాగితం ఏదీ చూపించమన్నారు. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళూ ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లమీద కూర్చుని ఆ అంగడివైపు చూస్తూనే ఉన్నాడు. పోయింది కూడా ఆ బల్లమీదే. అన్నం క్యారియరు తీసుకుని వచ్చిన పదిహేనేళ్ళ దస్తగిరే ఆయన్ను మొదట చూశాడు. ఆ రోజునుంచి కాగితమంటే అతనికి దేవుడి తర్వాత దేవుడు.

సౌదీకి వచ్చిన కొత్తలో జుబైల్‌లో పనిచేశాడు. ఫ్యాక్టరీలు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులకు వచ్చే వెల్డర్లకూ ఫిట్టర్లకూ వండిపెట్టే క్యాంపు అది. అందులో అమెరికా ఇంజనీర్లకు వేరే వంటిల్లు, దానికి పెద్ద వంటవాడు మెక్సికో దేశంవాడు. కోపిష్టి. గరిటెతో చేతిమీద కొట్టి మరీ నేర్పేవాడు. మొక్కజొన్న పిండి ముద్ద చేతికిచ్చి రొట్టె తట్టమంటే, దస్తగిరి రెండరచేతుల మధ్య టపటపా తట్టి పల్చగా తీసి పెనం మీద వేశాడు. ఆ కోపిష్టి నోరు తెరుచుకుని చూశాడట. జొన్నరొట్టె తట్టే తల్లి పక్కన పెరిగినవాడికి అదొక పనా? ఆరేళ్ళు అతని పక్కన నిలబడి మడిచిన రొట్టెలో కూర పెట్టే టాకోలూ, బీన్సూ, కాల్చిన టమోటా పచ్చళ్ళూ అన్నీ ఒంటబట్టించుకున్నాడు. క్యాంపు మూసేశాక వేరే దారిలేక తారూత్‌లో అబూ జవాద్ ఇంట్లో డ్రైవరుగా చేరాడు.

అబూ జవాద్ బడిపంతులుగా చేసి రిటైరయినవాడు. చేతిలో తస్బీ జపమాల, నోట్లో మెత్తటి మాట. పండగరోజు డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పళ్ళెంలో తినేవాడు. ఆయన కూతుళ్ళకు టాకోల పిచ్చి. దీవిలో అవి దొరకవు. రాత్రి పదింటికి బయల్దేరదీసి, వంతెన దాటించి, ఖోబర్‌లో అల్ అజీజియా దాకా తీసుకుపొమ్మనేవాళ్ళు. కొనుక్కుని ఇంటికొచ్చేసరికి అవి చల్లారి తోలులా సాగేవి. వెనక సీట్లో ఆ అమ్మాయిలు విసుక్కుంటుంటే, ముందుసీట్లో దస్తగిరి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఈ దీవి జనం పగలు ఎండకు బయటకు రారు. రాత్రి నమాజయ్యాక పిల్లాజెల్లలతో వచ్చి తెల్లారేదాకా సముద్రం ఒడ్డునే చాపలేసుకుని కూర్చుంటారు. వాళ్ళకు వేడివేడిగా అక్కడే చేసిపెడితే?

ఒకనాడు ఇంట్లోనే చేసిపెట్టాడు. దీవి రొయ్యలు, పైన నిమ్మరసం, లోపల కాల్చిన టమోటా పచ్చడి. ఆ పచ్చడిలో మెక్సికోవాడికి తెలియని సంగతొకటి కలిపాడు. ఎండుమిరపకాయలూ ఉల్లిగడ్డా తెల్లగడ్డా ఉప్పూ వేసి నూరిన మన ఎర్రకారం. అమ్మాయిలు కళ్ళనీళ్ళు కారుస్తూ ఇంకోటీ ఇంకోటీ అని తిన్నారు. అబూ జవాద్ కూడా ముక్కు తుడుచుకుంటూ నాలుగు తిన్నాడు. ఆ పళ్ళేలు తీయకముందే దస్తగిరి తన మనసులోమాట బయటపెట్టాడు. పేరు మీది, లైసెన్సు మీది, పెట్టుబడీ పనీ నావి, నెలనెలా మీ భాగం మీకు. పెద్దాయన నవ్వి సరేనన్నాడు. దస్తగిరికి డ్రైవరుగా ఉన్న ఇఖామాను, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతిని, వంటవాడి ఇఖామాగా ఆయనే మార్పించాడు కూడా.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. బండి కొనబోయేముందు దస్తగిరి భార్య మదార్బీకి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఊరికే వినే మనిషి కాదు.

"మీ నాయన మాదిరి ఎదురంగడి బల్లమీద కూసుంటావా? కాగితం రాసుకోయ్యా ముందు" అంది.

చెప్పి ఊరుకుందా? రాయచోటి రిజిస్ట్రారాఫీసు ముందు స్టాంపులమ్మే ముసలాయన దగ్గరికి తానే పోయి, దస్తగిరి పేరుమీద నూరు రూపాయల స్టాంపు కాగితం తీసింది. సెలవుకొచ్చి తిరిగి దమ్మాం పోతున్న ఊరివాడి పెట్టెలో, మడత పడకుండా పెళ్ళిపత్రికల అట్టల మధ్య పెట్టి పంపించింది. భారతదేశపు స్టాంపు కాగితం సౌదీలో ఏ గడ్డి పీకుతుందని ఆ ఆలూమగల్లో ఒక్కరికీ తట్టలేదు. స్టాంపు ఉంది, పేరు ఉంది, ఇంకేం కావాలి? కడప జిల్లాలో నాలుగెకరాల చేను చేతులు మారేది ఆ కాగితం మీదే కదా అనుకున్నారు.

దాన్ని రాసిపెట్టింది ఖయ్యూం. కడప టౌన్‌వాడు, వంతెన దగ్గర టైపింగ్ ఆఫీసులో గుమాస్తా, అరబ్బీలో దిట్ట. బండి కఫీల్‌దనే రెండు ముక్కలూ నేర్పిన గురువూ ఇతనే. పైన తెలుగులో, కింద అరబ్బీలో రాశాడు. ఈ బండి, సామాను, వ్యాపారం అంతా దస్తగిరి సొమ్ము, అబూ జవాద్ పేరు మాత్రమే వాడుకుంటున్నాం, అందుకు ఆయన భాగం ఇంత అని. అబూ జవాద్ చదివీ చదవనట్టు చూసి, నీ మనసు కుదుటపడుతుందంటే సంతకానిదేముంది తమ్ముడా అని గీకిచ్చాడు. ఖయ్యూం సాక్షి సంతకం చేశాడు. రోజూ లైసెన్సు దరఖాస్తులు టైపు చేసే మనిషికి ఆ రాత ఏమిటో తెలియదా? తాము చేసిన నేరాన్ని ఇద్దరూ తమ చేత్తో ఒప్పుకుని సంతకాలు పెడుతున్న కాగితం అది. తెలిసీ నోరు మెదపలేదు, పాపిష్టివాడు. కావాలన్నాడు, రాసిచ్చాను అనుకుని ఉంటాడు.

దస్తగిరి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఖయ్యూం చూస్తుండగానే బండిలో పిండిడబ్బాల వెనక దాచాడు. బండి కఫీల్‌ది అని ఎవరితోనైనా చెప్పాల్సి వచ్చినప్పుడు, చెప్పాక ఒకసారి డబ్బాల వెనక్కి చెయ్యిపెట్టి తడిమి చూసుకునేవాడు. అది తగిలితే ప్రాణం కుదుటపడేది.

బండి పట్టిందల్లా బంగారమైంది. వెనకనే సముద్రం, ముందు బారులు తీరిన కార్లు. చేపలవేటనుంచి వచ్చిన జాలర్లు, పరీక్షలకు చదివే ఆడపిల్లలు, నిద్రపట్టని ముసలివాళ్ళు, అందరూ వచ్చేవారు. కారం తక్కువ వెయ్యమని మొదటిరోజు చెప్పినవాడే నాలుగోరోజు ఇంకొంచెం వెయ్యమనేవాడు. తెల్లవారుజాము ఫజర్ నమాజు పిలుపుదాకా దస్తగిరి చేతులు ఆగేవి కావు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు. బండిని ఇంకొకరి చేతిలో పెట్టి పోవాలంటే గుండె ఒప్పేది కాదు. బండినే నిఖా చేసుకున్నావా ఏమని మదార్బీ ఫోన్లో ఎగతాళి చేసేది. అతను నవ్వేవాడు. నిజానికి తెల్లారుజామున షట్టరు దించాక అరచేత్తో ఆ రేకును ఒకసారి నిమిరి, పెదాలు కదిలీ కదలకుండా నాది అనుకునేవాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు పైకొచ్చేది కాదు.

అబూ జవాద్ ఒక్కగానొక్క కొడుకు జవాద్ ఎక్కడా నాలుగు నెలలు కుదురుగా పనిచేసిన పాపాన పోలేదు. ఒకరాత్రి స్నేహితులను వెంటేసుకొచ్చి తిన్నాడు. మా బండి అని ఫోన్లో బొమ్మలు పెట్టాడు. వారంలో జనం రెట్టింపయ్యారు. ఆ తర్వాత రోజూ కుర్చీ వేసుకుని బండి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నవాడు గల్లాపెట్టె పక్కకు జరిగాడు. దస్తగిరి చూస్తూనే ఉన్నాడు, పెద్దాయన మొహం చూసి ఊరుకున్నాడు. చివరకు ఒక సాయంత్రం పెద్దాయనే పిలిచి భుజంమీద చెయ్యి వేశాడు. వచ్చే నెలనుంచి బండి జవాద్ చూసుకుంటాడు, నువ్వు ఎప్పట్లాగే వండు, మంచి జీతమిస్తాను, నువ్వు మా ఇంటివాడివి అన్నాడు. ఎంత మెత్తగా చెప్పాడంటే, తలూపి బయటకు వచ్చేదాకా దస్తగిరికి తన నెత్తిన పడిందేమిటో అర్థంకాలేదు.

ఆ రాత్రి ఖయ్యూం బండి దగ్గరకొచ్చాడు. రోజూ వస్తాడు, రోజూ ఉచితంగా తింటాడు. దస్తగిరి సంగతంతా చెప్పి, ఏంచెయ్యాలి భాయ్ అని అడిగాడు. ఖయ్యూం రొయ్యలు నములుతూనే తీరిగ్గా చెప్పాడు.

"కాగితం ఉండాది గదప్పా. ముసిలాయన మరిచిపోయింటాడు. తీసి చూపించు."

కళ్ళు మూసుకుపోవడమంటే ఇదే. దస్తగిరికి ఆ మాట నెత్తిన పాలు పోసినట్టయింది. మర్నాడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పెద్దాయన కూర్చునే మజ్లిస్ గదిలోకి పోయి కాగితం ముందుపెట్టాడు. తనకొచ్చిన అరబ్బీలో, ఇది మీ సంతకం, బండి ఎవరిదో ఇందులో ఉంది అన్నాడు. వేలెత్తి చూపలేదు, గొంతు పెంచలేదు. మా నాన్నకు లేనిది నాకుంది చూడండి అన్నంత గర్వంగా మాత్రం నిలబడ్డాడు. పెద్దాయన ఆ రాత చదివాడు. ఈసారి నిజంగా చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పనివాడు కాగితం దాచుకుని తనను బెదిరించడానికి వచ్చాడనుకున్నాడు. తస్బీ పక్కనపెట్టి, ఫోన్ తీసి, ఒక ఫొటో తీసుకుంటానన్నాడు. సరిగ్గా పడాలని దస్తగిరే కిటికీ దగ్గర వెలుగులోకి జరిగి, రెండు చేతుల్తో కాగితం చదునుగా పట్టుకున్నాడు.

పెద్దాయన ఆ ఫొటో పట్టుకుని నేరుగా టైపింగ్ ఆఫీసుకు పోయాడు. ఖయ్యూం అంతా విడమర్చి చెప్పాడు. ఇది బయటపడితే ఇద్దరికీ జైలే, కానీ ముందుగా తానే పోయి చెప్పుకున్నవాడికి మాఫీ ఉంటుంది. చెప్పడమేమిటి, మంచి అరబ్బీలో అర్జీ కూడా అతనే టైపు చేశాడు. ఆ వంటవాడు నా మంచితనాన్ని అడ్డం పెట్టుకుని సంతకం చేయించుకున్నాడు, ఇప్పుడు బెదిరిస్తున్నాడు అని. నేరం పట్టించినవాడికి సర్కారు బహుమానం ఇస్తుంది, కాబట్టి సాక్షిగా తన పేరు కూడా చేర్చుకున్నాడు. స్టాంపు కాగితం మీద సాక్షి, అర్జీ మీద సాక్షి, రెండుచోట్లా ఒకే సంతకం.

అయిదు రోజులు ఏమీ జరగలేదు. జవాద్ బండివైపు రాలేదు. కాగితం పనిచేసిందని దస్తగిరి మదార్బీకి ఫోన్ చేసి మురిసిపోయాడు. అయిదో రాత్రి ఖయ్యూం వచ్చి, నీ ఎర్రకారం ఎట్లా చేస్తావప్పా, మా ఇంట్లో చేయించుకుంటాను అన్నాడు. తన పక్షాన నిలబడ్డ మనిషి అడిగితే కాదంటాడా? ఎన్ని కాయలు, ఎంత తెల్లగడ్డ, ఏ పదునులో ఉప్పు పడాలి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఖయ్యూం ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

ఆరో రాత్రి నలుగురు అధికారులు వచ్చారు. బండి ఎవరిదని అడగ్గానే దస్తగిరి అలవాటుకొద్దీ, కఫీల్‌ది, నేను పనోణ్ణి అన్నాడు. అందులో ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఎక్కడా వెతక్కుండా తిన్నగా పిండిడబ్బాల వెనక్కి చెయ్యిపెట్టి కాగితం బయటకు తీశాడు. పెనం మీదున్న రొట్టె మాడి పొగ లేచింది. దాన్ని తీస్తానని దస్తగిరి చెయ్యి చాపితే, చేతులు వెనక్కి కట్టేశారు. చాపలమీద కూర్చున్న జనం ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నారు. అంతకుముందు క్షణం దాకా అతని చేతి రొట్టె తిన్నవాళ్ళే.

దమ్మాంలో విచారణ. దుబాసీగా కాషిఫ్ అనే హైదరాబాదువాణ్ణి పెట్టారు. ఇలాంటివాళ్ళను వందల్లో చూసినవాడు, కొంత మనసున్నవాడు. అధికారి గదిలోకి రాకముందే దస్తగిరి చెవిలో చెప్పాడు. ఆ కాగితం ఇండియాది, నీ నోటిమాటతోనే కేసు నిలబడుతుంది, అడిగితే సంతకం నాది కాదు, నాకు చదువు రాదు, కూలికి వండేటోణ్ణి అను అన్నాడు.

"గట్లంటే టికెటిచ్చి ఇంటికి పంపిస్తరు. ఇంకో వీసా మీద మళ్ళ రావచ్చు. బండి నాది అన్నవనుకో, ఖతం."

దస్తగిరి సరేనన్నాడు. నిజంగానే అలా చెప్పాలనుకున్నాడు. మూడేళ్ళుగా చెప్పిన ముక్కే కదా, ఇంకొక్కసారి చెబితే పోయేదేముంది?

అధికారి వచ్చి ఫైలు తెరిచాడు. జవాద్ ఇచ్చిన వాంగ్మూలం ముందు చదివాడు, కాషిఫ్ వరసగా తెలుగులో చెబుతూ పోయాడు. బండి పెట్టాలనే ఆలోచన జవాద్‌దట. సామాను కొన్నది వాళ్ళ నాన్నట. ఆ ఎర్రకారం కూడా వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేసుకునేదేనట, వంటవాడికి వాళ్ళే నేర్పారట. దస్తగిరి అంతసేపూ నేలచూపులు చూస్తున్నవాడు ఎర్రకారం మాట దగ్గర తలెత్తాడు. బల్లమీద ప్లాస్టిక్ కవర్లో తన కాగితం ఉంది. నూరు రూపాయల ముద్ర కింద స్టాంపులమ్మిన ముసలాయన వంకరటింకరగా రాసిన పేరు, షేక్ దస్తగిరి, రాయచోటి. అధికారి పెన్ను మూత తీసి, బండి ఎవరిది అని అడిగాడు. కాషిఫ్ అదే ప్రశ్న తెలుగులో అడుగుతూ, బల్లకింద కాలితో అతని కాలు తొక్కాడు.

"నాది" అన్నాడు దస్తగిరి.

కాషిఫ్ అది అరబ్బీలోకి మార్చకుండా ఆగాడు. ఇంకోసారి ఆలోచించి చెప్పు భాయ్ అన్నాడు. దస్తగిరి ఈసారి అధికారినే చూస్తూ, తనకొచ్చిన అరబ్బీలో తానే చెప్పాడు. బండి నాది, పొయ్యి నాది, కారం నాది, సంతకం నాది. మూడేళ్ళలో మొదటిసారి ఆ మాట గొంతు దాటి బయటకొచ్చింది. అధికారి రాసుకున్నాడు. అచ్చంగా నేను చెప్పినట్టే రాశాడా అని దస్తగిరి కాషిఫ్‌ను అడిగాడు. రాసిండు అని కాషిఫ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. దస్తగిరి కింద సంతకం చేసి, పక్కనే వేలిముద్ర కూడా గట్టిగా వేశాడు.

ఏడాది జైలు. ఈ జన్మకు తీరని జరిమానా. పది వేళ్ళ ముద్రలూ తీసుకుని ఇక ఈ దేశానికి రావద్దన్నారు. అబూ జవాద్‌కు మాఫీ దొరికింది. జవాద్ తన పేరున కొత్త లైసెన్సు తీసుకుని, బండికి పచ్చరంగు వేయించి, నెల తిరక్కుండా అదే ఒడ్డున అదే చోట పెట్టాడు. అందులో రొట్టెలు కాల్చేది ఖయ్యూం బామ్మర్ది. ఎర్రకారం బాగా కుదిరిందనే అంటున్నారు జనం. దస్తగిరి తండ్రికి ఎదురుగా కూర్చుని చూసుకునే బల్ల అయినా మిగిలింది. కొడుక్కి అదీ లేదు.

జైలునుంచి మొదటిసారి ఫోన్ చేసుకోనిచ్చినప్పుడు మదార్బీ ఏడుస్తూ ఒకటే అడిగింది. బండి పోతే పోయింది, కాగితం ఉంది కదా, అది చూపిస్తే ఎప్పటికైనా మనది మనకు రాదా అని. దస్తగిరి ఫోన్ చెవికి అదుముకున్నాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు త్వరగా కానివ్వమని అరుస్తున్నారు.

"కాగితం యాడికీ పోల్యా మే" అన్నాడు. "సర్కారోళ్ళ కాడ భద్రంగా ఉండాది."